ఎదురుకాళ్ళత్త

కర్నూలు నుంచి బేతంచెర్ల పోయే బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నేను కడ్డీ పట్టుకుని నిలబడే పోయాను. కూర్చుంటే నడుములో మొదలైన నొప్పి పిరుదు మీదుగా ఎడమకాలి చిటికెన వేలి దాకా గుంజుతుంది. కండక్టరు ఒకటి రెండుసార్లు "కూకోమ్మా, ఖాళీ ఉండాది గదా" అన్నాడు. తర్వాత నన్ను అదోరకంగా చూసి ఊరుకున్నాడు.

ఆ పొద్దున అన్న ఫోన్ చేశాడు. "ఎదురుకాళ్ళత్త పాయె పాపా. సాయంత్రం మట్టి చేస్తారంట. బిన్నా రా" అన్నాడు. మరుసటి రోజు నాకు కర్నూల్లో కైరోప్రాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. చేతులతో నొక్కి, తిప్పి వెన్నుపూసలు సర్దే వైద్యం అది. అప్పటికే రెండుసార్లు వాయిదా వేసుకున్నాను. అన్న మాట వినగానే నాకు మొదట గుర్తుకొచ్చింది ఆ అపాయింట్‌మెంటే. ఏడుపు తర్వాత వచ్చింది. ఇంత చెప్పాక నా గురించి ఏమనుకున్నా అనుకోండి.

ఆమె నాకు వరసకు అత్త కాదు. మా ఇంటికి ఆనుకునే వాళ్ళ ఇల్లు, వాళ్ళదీ మాదీ ఒకే చర్చి, అంతే. తల ముందు కాకుండా కాళ్ళు ముందు బయటికి వచ్చి పుట్టినవాళ్ళను ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళంటారు. అట్లాంటివాళ్ళ కాలు తగిలితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. బేతంచెర్లలో పట్టేసే నడుములకు కొదవ లేదు. గనిలో బండలు తీసేవాళ్ళు, ఫ్యాక్టరీలో అరగదీసేవాళ్ళు, లారీలకెత్తేవాళ్ళు, ఆ లారీలు తోలేవాళ్ళు. అందరూ ఏదో ఒక పొద్దున అత్త ఇంటి ముందు పంచలో బోర్లా పడుకున్నవాళ్ళే.

పళ్ళు తోముకోక ముందే రావాలని నియమం. ఎందుకట్లా అని అడిగితే "ఏమో, మా జేజి చెప్పింది" అని వాళ్ళ నాయనమ్మ మీదికి తోసేది. తలుపు చెక్క పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఎడమ మడమను నడుం మీద ఆనించి మూడుసార్లు నొక్కేది. ఆమెది పాలిషింగ్ ఫ్యాక్టరీలో మిషన్ పక్కన నీళ్ళలో నిలబడే పని. బండపిండి కలిసిన తెల్లనీళ్ళు అవి. ఎంత రుద్ది కడిగినా ఆమె పాదాల పగుళ్ళలో ఆ తెలుపు ఉండేది. తొక్కించుకున్నవాళ్ళ చొక్కాల మీద అచ్చు పడేది.

నొక్కడం అయీ అవగానే ఆమె గబుక్కున కింద కూర్చునేది. కాలు పెట్టిన చోటునే చేత్తో తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుని "తప్పయిందప్పా" అనేది. మనిషికి కాలు తగిలితే ఎవరైనా కళ్ళకద్దుకుంటారు. కానీ ఈమె అద్దుకునే తీరు వేరు. ఎవరో పట్టుకుని నిలదీసినట్టు, మళ్ళీ చేయనని మాటిచ్చినట్టు ఉండేది. ముసలాయనకూ అంతే, స్కూలు పిల్లకూ అంతే.

ఒకసారి ఒక లారీ డ్రైవరు లేచి చొక్కా దులుపుకుంటూ, "ఏమత్తా, బాగు చేసి తప్పయిందంటావేంది?" అని నవ్వాడు.

"బాగయితే నీ అదృష్టమప్పా. తగిలింది మాత్రం కాలే గదా" అంది.

ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పత్తికొండ వైపు నుంచి వచ్చినాయన ఒకడు టమోటాల గంప దించితే, "ఇది కాలికైతే ఎత్తుకోనిపో. నాకైతే ఈడ పెట్టు" అంది. ఆయన కాసేపు ఆలోచించి "నీకే" అన్నాడు. ఆ రోజు మా వీధంతా టమోటా పచ్చడి నూరింది.

ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారు మూఢనమ్మకాల మీద ప్రసంగం చేశారు. కాళ్ళతో తొక్కితే రోగాలు పోతాయా అని గట్టిగానే అడిగారు. పేరు చెప్పలేదు గానీ అందరి తలలూ వెనక్కి తిరిగాయి. చివరి వరసలో చాప మీద కూర్చున్న అత్త అందరికంటే గట్టిగా ఆమెన్ అంది. ఆ వారంలోనే అయ్యగారి భార్య నడుము పట్టుకుని, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, దొడ్డివైపు నుంచి వచ్చింది. అత్త తొక్కి, తప్పయిందని అద్దుకుని, "అయ్యగారికి చెప్పన్లేమ్మా" అంది. చెప్పలేదు కూడా. అయితే ఆ దొడ్డి పక్కదే మా దొడ్డి, మా అమ్మ నోటి సంగతి ఊరికంతా తెలిసిందే.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఒక సాయంత్రం బోరింగ్ దగ్గర ఆమె కాళ్ళు కడుక్కుంటుంటే నేను నీళ్ళు కొట్టి ఇస్తున్నాను. "అందరికీ ఎందుకత్తా అట్లా తప్పయిందంటావు?" అని అడిగాను.

ఆమె మడమను రాతికేసి రుద్దుతూనే చెప్పింది. "నన్ను కనేటప్పుడు మా యమ్మ రెండు దినాలు నొప్పులు పడిందంట. కాళ్ళు బయటికొచ్చి తల నిలిచిపాయెనంట. నేను బతికినా. ఆమె పాయె. కోపమొస్తే మా జేజి 'తల్లిని తొక్కి వచ్చిందానా' అని తిడతాండె. చిన్నప్పుడు తెలీక ఏ కాలితో తొక్కినా జేజీ అని అడిగితి. ఎడమకాలు ముందొచ్చిందంట. అదే ఇది."

నేను బోరింగ్ కొట్టడం ఆపేశాను.

"కొట్టే, నీళ్ళు నిలిచిపోయినాయి" అంది. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "ఇదే కాలు నలుగురికి పనికొస్తాంటే రోంత మనసు సల్లగుంటాది" అంది.

ఆ ఏడాదే అన్నకు నడుము పట్టేసింది. అన్న బండల లోడింగుకు పోయేవాడు. లారీ పక్కన ఇద్దరు కింద, ఇద్దరు పైన నిలబడి బండ తర్వాత బండ అందించుకునే పని. పొద్దున లేవలేక గోడ పట్టుకుని వంగిపోయి ఉంటే నేనే భుజం ఆనించి అత్త పంచకు తీసుకుపోయాను. ఆమె మూడుసార్లు నొక్కింది. అన్న లేచి నిలబడి, ఇటూ అటూ వొంగి చూసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు. "రెండు దినాలు పనికి పోవాకు నాయనా" అని అత్త చెప్పింది. నొప్పే లేనప్పుడు ఇంట్లో ఎందుకని అన్న మరుసటి రోజే పోయాడు. మధ్యాహ్నానికి నలుగురు మోసుకొచ్చారు. ఎడమకాలు మొద్దుబారిపోయింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. అన్న నడవగలుగుతున్నాడు. కానీ ఆ పాదం పైకి లేవదు. చెప్పు జారిపోకుండా మడమ వెనక పట్టీ కట్టుకుంటాడు. ఇప్పుడు లారీల కాటా దగ్గర కూర్చుని చీటీలు రాస్తాడు. అన్న అప్పుడూ ఇప్పుడూ ఒకటే మాట చెప్తాడు. "బండలెత్తింది నేను గదా. అత్తేం చేసింది?" అంటాడు.

మా అమ్మ అట్లా అనుకోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే అత్త వాకిట్లో నిలబడి, "నీ కాలు తగిలినాక మా వాని కాలు పడిపాయె" అంది. వీధి వీధంతా వింది. అత్త కూర్చుని మా అమ్మ పాదాలు తాకి కళ్ళకద్దుకుంది. అమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

ఏడాది తిరిగేసరికి అమ్మ కోపం చల్లారింది. మళ్ళీ ఉప్పూ పప్పూ ఇచ్చిపుచ్చుకున్నారు. అత్త మాత్రం ఆ రోజు నుంచి ఎవరి మీదా కాలు పెట్టలేదు. నడుం పట్టుకుని వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి పంపేది. ఎక్కడ కూర్చున్నా కాళ్ళు మడిచి చీర కింద పెట్టుకునేది. మా అన్న చెప్పు బండల మీద ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు వినపడితే చాలు, చేతిలో ఏ పని ఉన్నా వదిలి లోపలికి పోయేది. అన్న పంచ ముందు ఆగి, "అత్తా, బాగుండావా?" అని అడిగేవాడు. లోపలి నుంచి "ఆఁ" అని మాత్రం వచ్చేది.

అది చూడలేకే నేను ఒకరోజు వెళ్ళి అత్త దగ్గర కూర్చున్నాను. ఆపరేషన్ చేసిన డాక్టరును ఆసుపత్రిలో ఉన్నప్పుడే నేను అడిగాను. ముందు రోజు ఒకామె కాలితో నొక్కింది, దానివల్లనా సార్ అని. ఆయన కాదన్నాడు. "డిస్క్ అప్పటికే జారి ఉంది. దాని మీద బరువులెత్తాడు. అందువల్ల" అన్నాడు. ఆ మాట ఆయన చెప్పినట్టే అత్తకు చెప్పాను.

అత్త నేల బండ మీద గీతల వెంట వేలు పోనిచ్చింది. "నా కాలితో పాడు కాలేదా?"

"లేదత్తా."

"అట్లయితే బాగైనోళ్ళు గూడా నా కాలితో బాగు కాలేదన్నట్టే గదా?"

ఆమెను ఓదార్చాలని పోయినదాన్ని, నోరు తెరుచుకుని కూర్చున్నాను. చివరికి ఆమే నా మీద జాలిపడినట్టు, "పోనీలే. రెండూ పోనీ. ఇది ఉత్త కాలు. అదే మేలు" అంది. ఇన్నేళ్ళు మనసు చల్లబరచుకున్న ఒక్క దారినీ వదిలేసుకుని, దానికి బదులు నా మాటను పుచ్చుకుంది. అప్పుడు నాకంత తెలియలేదు. మంచిపని చేశానని సంబరంగా ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

ఆ తర్వాత నాకు కర్నూలు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఊరికి పోయినప్పుడల్లా అత్త నన్ను పంచలో కూర్చోబెట్టి, అవీ ఇవీ మాట్లాడి, చివరికి గొంతు తగ్గించి అడిగేది.

"ఆ డాక్టరు ఏమన్నాడో ఇంగొకతూరి చెప్పు."

నేను అవే మాటలు చెప్పేదాన్ని. ఒక మాట అటూ ఇటూ అయితే సరిచేసేది. "అప్పటికే జారి ఉంది అన్నాడు గదా, అది విడిచిపెడితివి" అనేది. అంతా అయ్యాక తల ఊపి, కాళ్ళు కాస్త ముందుకు చాపుకునేది. ఎవరైనా మా అన్న సంగతి ఎత్తితే, "మా పాప పెద్ద డాక్టర్ని అడిగింది. నా తప్పు లేదంట" అని చెప్పేదట. అన్న కంటపడితే లోపలికి పోవడం కూడా మానేసింది. ఇద్దరూ పంచలో కూర్చుని కాఫీ తాగడం నేనే చూశాను.

ఇక నా నడుం సంగతి. కౌంటర్లో కూర్చునే పని. నాలుగు నెలల కిందట మొదలైంది. స్కానింగ్ చూసి డాక్టరు, డిస్క్ ఉబ్బి నరాన్ని నొక్కుతోంది, కాలిలో బలం తగ్గలేదు కాబట్టి ఆపరేషన్ వద్దు, వ్యాయామాలు చేస్తూ ఓపిక పట్టమన్నారు. ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. మా బ్యాంకులో ఒకావిడ, వాళ్ళాయనకు కైరోప్రాక్టర్ దగ్గర నయమైందని రోజూ చెవిలో జోరీగలా చెప్పేది. వీడియోలు చూపించేది. బల్ల మీద మనిషిని ఒత్తిగిలి పడుకోబెట్టి ఒక్క తిప్పు తిప్పితే టక్ మని చప్పుడు. లేచినవాళ్ళంతా నవ్వుతుంటారు. ఆ నవ్వు చూస్తేనే నాకు భయమేసేది. ఎందుకో అప్పుడు తెలియదు. మా డాక్టర్ని అడిగితే, "పోవాలనుకుంటే స్కానింగ్ రిపోర్టు చూపించండి. అది చూడకుండా చెయ్యేస్తే లేచి వచ్చేయండి" అన్నారు. పొమ్మనలేదు, వద్దనలేదు. నిర్ణయం నా నెత్తినే పడింది.

ఆ ఊగిసలాటలోనే ఊరికి పోయాను. అత్త మంచాన పడి అప్పటికి చాలా రోజులయింది. ఒళ్ళంతా నీరు. కూతురు చూసుకుంటోంది. దుప్పటి లోంచి రెండు పాదాలూ బయటికి ఉన్నాయి. ఫ్యాక్టరీ మానేసి ఏళ్ళయినా పగుళ్ళలో ఆ తెలుపు పోలేదు. నేను మంచం పక్కన నిలబడే ఉంటే, "ఏమే, కూర్చుంటే అరిగిపోతావా?" అంది.

"కూర్చుంటే కాల్లోకి గుంజుతాదత్తా."

కైరోప్రాక్టర్ గురించి చెప్పాను. చేతులతో ఎట్లా తిప్పుతారో గాలిలో చూపించాను. ఆమెకు నవ్వొచ్చింది. "దానికి చదువు గూడా ఉండాదా?"

"ఉందత్తా. ఏళ్ళకేళ్ళు చదువుతారంట."

"అయినాక తప్పయిందని అద్దుకుంటారా?"

"ఎందుకద్దుకుంటారు? బిల్లేస్తారు."

అత్త దగ్గొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వితే నడుములో కలుక్కుమంది, మంచం కోడు పట్టుకున్నాను. "అంత నొప్పుంటే పోరాదా మరి? ఏమాలోచన?" అంది.

"భయమైతాందత్తా."

"ఏం భయమే?"

"అన్నకయినట్టు నాకూ అయితాదేమో అని."

మాట బయటికి వచ్చేదాకా అది నాలో ఉందని నాకే తెలియదు. ప్రభువు సాక్షిగా తెలియదు. ఇన్నేళ్ళూ ఆమెకు చెప్పిన మాటను నేనే నమ్మలేదన్నమాట. డాక్టరు కాదన్నా, అన్న కాదన్నా, మా అమ్మ ఆ రోజు వాకిట్లో అరిచిందే నా ఒంట్లో నిలిచి ఉంది.

అత్త మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి, రెండు పాదాలూ దుప్పటి లోపలికి లాక్కుంది. నీరు పట్టిన కాళ్ళు. లాక్కోవడానికి చాలా కష్టపడింది. నేను సాయం చేయడానికి చెయ్యి చాపాను, చేయకూడదని మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

"అట్లా కాదత్తా. డాక్టరు చెప్పినాడు గదా. అప్పటికే జారి ఉంది, బరువులెత్తినందువల్లే" అని అడగకుండానే మొత్తం అప్పజెప్పాను. ఆమె దేనినీ సరిచేయలేదు.

అంతా విని, "పోవాకు పాపా. చిన్నపిల్లలుండారు నీకు. నీ కాలు బాగుండాల" అంది. కాసేపయ్యాక, "బస్సు పోతాదేమో చూసుకో" అంది.

ఆ రాత్రి కర్నూలు చేరగానే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నొప్పి కోసం కాదు. పోతాను, ఆ బల్ల మీద పడుకుంటాను, బాగా లేచొస్తాను. వచ్చి ఆమె మంచం ముందు నాలుగడుగులు నడిచి చూపించి, చూడత్తా, ఏమీ కాలేదు, నాకు కానిది అన్నకు మాత్రం ఎందుకయ్యుంటుంది అని చెప్తాను. ఇది బుద్ధిగా ఆలోచిస్తే నిలిచే మాట కాదు. ఒకరి నడుము ఇంకొకరి నడుముకు సాక్ష్యం చెప్పదు. కానీ ఆమెకు చాలేది. నా మాటతో అన్నేళ్ళు బతికిన మనిషికి నా నడక చూస్తే చాలేది.

మొదటిసారి బయల్దేరి, ఆటో ఎక్కబోయి, పెద్దపాపకు జ్వరమని వాయిదా వేశాను. జ్వరం ముందు రోజే తగ్గింది. రెండోసారి బ్యాంకులో ఆడిట్ అన్నాను. ఆడిట్ లేదు. మధ్యలో అన్న ఫోన్ చేసి, "అత్త నువ్వు పోయినావేమోనని అడుగుతాంది. పోలేదు అంటే మంచిపని చేసింది అంటాంది" అన్నాడు. ఆ మాట విన్నాక కూడా పోలేదు. ఆమె మీద ప్రేమ లేక కాదు, నా కాలి మీద ప్రేమ ఎక్కువై.

నేను చేరేసరికి పెట్టె సమాధుల తోట దగ్గరికి వచ్చేసింది. అన్న పెట్టె పక్కనే నడుస్తున్నాడు, చెప్పు ఈడ్చుకుంటూ. ఎవరో స్కూటర్ ఎక్కమంటే ఎక్కలేదు. అయ్యగారు ప్రార్థన చేశారు. ఎంతమందికో ఈమె సేవ చేసిందని చెప్పారు, ఏం సేవో చెప్పలేదు. అందరూ మట్టి వేస్తుంటే నేను వొంగలేకపోయాను. అన్నే పిడికెడు తీసి నా చేతిలో పోశాడు.

అప్పుడే ఫోన్ మోగింది. తీయకపోతే మోగుతూనే ఉంటుందని గోడ పక్కకు పోయి తీశాను. కైరోప్రాక్టర్ దగ్గర పనిచేసే అమ్మాయి.

"మేడమ్, రేపు వస్తున్నారు కదా?"

"రావట్లేదమ్మా."

"మూడోసారి మేడమ్ ఇది. ఏమైనా ప్రాబ్లమా?"

భయమని చెప్పొచ్చు. ఆమె ఏమీ అనుకోదు. రోజూ ఎంతమంది భయపడరు? కానీ ఆ గోడకు ఇవతల, అత్త మీద మట్టి పడుతున్న చప్పుడు వింటూ ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"ఊర్లో చావయింది" అన్నాను.

"అయ్యో, సారీ మేడమ్" అని ఆమె వెంటనే పెట్టేసింది. చివరికి, చనిపోయిన అత్తను కూడా నా భయానికి అడ్డం పెట్టుకున్నాను.